పోకెమాన్ ఎమరాల్డ్: ఎలైట్ ఫోర్ దగ్గర ఆగిపోతే ముందు చూడాల్సింది మూవ్స్, ఆ తర్వాతే లెక్కలు

గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద ఆడే పోకెమాన్ ఎమరాల్డ్ గురించి మీరు అడిగినవి నాలుగు సంగతులు. లెవెల్ 25లో ఉన్న రెండు కిర్లియా పోకెమాన్‌లలో ఒకదాని స్పెషల్ అటాక్ (స్పెషల్ తరహా దాడుల బలం) 44, ఇంకోదానిది 36 ఎందుకు ఉన్నాయి? లెవెల్ పెంచే రేర్ క్యాండీలు పెడితే పోకెమాన్ పాడవుతుందా? లెవెల్ 61 స్వాంపర్ట్ ఉండి కూడా, ఆట చివర్లో వరుసగా ఎదురయ్యే ఎలైట్ ఫోర్ అనే నలుగురిలో ఆఖరివాడైన డ్రేక్ దగ్గరో, వాళ్ల తర్వాత వచ్చే ఛాంపియన్ వాలెస్ దగ్గరో ఎందుకు ఓడిపోతున్నారు? ఆట మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలా? చివర్లో కార్ట్రిడ్జ్ బ్యాటరీ గురించి కూడా ఒక మాట అడిగారు.

మొదటి నుంచి మొదలుపెట్టకండి. మీ సేవ్‌లో సరిదిద్దలేనిది ఒక్కటి కూడా లేదు. మీ టెన్షన్ అంతా కనిపించని అంకెల మీద ఉంది. కానీ మీరు ఓడిపోవడానికి కారణం మీరే రాసిన ఒక వరుసలో ఉంది: స్వాంపర్ట్ మూవ్స్, అంటే అది వాడగలిగే నాలుగు దాడులు, సర్ఫ్, వాటర్‌ఫాల్, స్ట్రెంత్, రాక్ స్మాష్. దాని దగ్గరికి వస్తాను. ముందు కిర్లియాల సంగతి తేల్చేద్దాం, లేకపోతే ఆ అనుమానం మిమ్మల్ని వదలదు.

గడ్డిలో ఒక పోకెమాన్ ఎదురైన క్షణంలోనే ఆట దానికి ఒక చాలా పెద్ద అంకె కేటాయిస్తుంది. దాని ఆడా మగా, ఎబిలిటీ (ప్రత్యేక లక్షణం), నేచర్ (స్వభావం) అన్నీ ఆ అంకె నుంచే వస్తాయి. ఆ అంకెను 25తో భాగిస్తే మిగిలే శేషమే నేచర్, అందుకే నేచర్లు సరిగ్గా 25. మెరిసే రంగులో దొరికే షైనీ అవడంలో కూడా ఈ అంకెకు పాత్ర ఉంది, 8192లో ఒక వంతు అవకాశం. ఇది కాక అటాక్, స్పీడ్ లాంటి ఆరు స్టాట్స్‌కు ఆరు అంకెలు విడిగా పడతాయి, ఒక్కోటి 0 నుంచి 31 దాకా. ఆడేవాళ్లు వీటినే ఐవీలు అంటారు. ఎమరాల్డ్ ఏ స్క్రీన్ మీదా వీటిని చూపించదు. ఇవి పుట్టుకతో వచ్చేవి, తర్వాత మారవు.

ఈ ఏర్పాటు ఎమరాల్డ్‌తో మొదలైంది కాదు. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో గేమ్ బాయ్ మీద రెడ్, గ్రీన్ వచ్చినప్పటి నుంచీ ఉంది. అప్పట్లో ఈ అంకెలు 0 నుంచి 15 వరకే ఉండేవి. ఆ ఆటను తలపెట్టిన సతోషి తజిరి చిన్నతనమంతా తోక్యో శివారు మచిదాలో పురుగులు పట్టుకుంటూ గడిపిన మనిషి. రెండు గేమ్ బాయ్‌లను లింక్ కేబుల్‌తో కలిపి ఒకరి దగ్గరున్నది ఇంకొకరికి ఇచ్చిపుచ్చుకోవడం ఆ ఆటకు ప్రాణం. నా దగ్గరున్నదీ మీ దగ్గరున్నదీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే మార్చుకోవడంలో సరదా ఏముంటుంది? 2002 నవంబర్‌లో జపాన్‌లో గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద రూబీ, సఫైర్ వచ్చినప్పుడు ఈ లెక్కను తిరగరాసి, 0 నుంచి 31 చేసి, దాని మీద నేచర్ అనే పొరను కొత్తగా వేశారు. 2004 సెప్టెంబర్‌లో వచ్చిన ఎమరాల్డ్‌ది కూడా అదే లెక్క.

ఇప్పుడు మీ కిర్లియాలు. 44 ఉన్నదాని నేచర్ మోడెస్ట్ అనీ, 36 ఉన్నదానిది అడమెంట్ అనీ మీరే రాశారు. మోడెస్ట్ అంటే స్పెషల్ అటాక్ పది శాతం పెరిగి, అటాక్ పది శాతం తగ్గుతుంది. అడమెంట్ సరిగ్గా దానికి తలకిందులు. కిర్లియా జాతికి స్పెషల్ అటాక్ బేస్, అంటే మూల విలువ, 65. దాన్ని రెండింతలు చేస్తే 130. ఐవీ 10 అనుకుంటే 140. లెవెల్ 25 కాబట్టి అందులో నాలుగో వంతు, 35. దానికి ఆట ఎప్పుడూ కలిపే 5 కలిపితే 40. ఇందులో పది శాతం పెంచితే 44, పది శాతం తగ్గిస్తే 36. మీరు రాసిన అంకెలు ఇవే. అంటే ఆ రెండింటి ఐవీలు ఒక్కటే అయి ఉండి కూడా నేచర్ ఒక్కటే ఈ తేడా తెచ్చి ఉండొచ్చు. ఏదీ పాడైపోయిన పోకెమాన్ కాదు. కిర్లియా కొట్టేది స్పెషల్ అటాక్‌తోనే, కాబట్టి మోడెస్ట్‌ది ఉంచుకుని రెండోదాన్ని బాక్స్‌లో పెట్టండి.

ఈ అంకెల బరువెంతో కూడా చూడండి. లెవెల్ 50లో ఐవీ 0 ఉన్నదానికీ 31 ఉన్నదానికీ ఒక స్టాట్‌లో తేడా 15 పాయింట్లు. అదే కిర్లియా లెవెల్ 30లో గార్డెవార్‌గా మారితే బేస్ 65 నుంచి 125కి ఎక్కుతుంది, లెవెల్ 50లో దాని విలువ 60 పాయింట్లు. పుట్టుకతో వచ్చే అదృష్టమంతా కలిపినా ఇంకో ఐదు లెవెల్స్ పెంచి చేయించే ఎవల్యూషన్‌లో నాలుగో వంతు. కథ పూర్తి చేయడానికి ఐవీల గురించి ఎవరు ఎంత భయపెట్టినా పట్టించుకోవద్దని అనేది అందుకే.

ఇక అసలు సంగతికి వద్దాం, మీ స్వాంపర్ట్.

స్వాంపర్ట్ ఈ ఆటలో ఉన్న మంచి పోకెమాన్‌లలో ఒకటి. వాటర్, గ్రౌండ్ కలిసిన టైప్, గ్రాస్ దాడి తప్ప ఇంకేదీ దాన్ని రెట్టింపుగా కొట్టదు. గ్రాస్ మాత్రం నాలుగు రెట్లు తగులుతుంది. అటువంటిదాన్ని మీరు దారి తీసే పనిముట్టుగా మార్చేశారు. సర్ఫ్, వాటర్‌ఫాల్ రెండూ వాటర్ దాడులే, ఒకటి ఉంటే రెండోది దండగ. స్ట్రెంత్, రాక్ స్మాష్ బండలు జరపడానికీ పగలగొట్టడానికీ నేర్పినవి. ఇవన్నీ దారిలో అడ్డంకులు దాటడానికి నేర్పే హెచ్‌ఎం మూవ్స్ కాబట్టి మామూలుగా చెరిపేయలేరు, దాంతో నాలుగు గళ్లూ బిగుసుకుపోయాయి. ఆట కూడా ఇందులో కొంత దోషి. ఎలైట్ ఫోర్ ఉండే ఎవర్‌గ్రాండ్ సిటీ చేరడానికి వాటర్‌ఫాల్ తప్పనిసరి చేసి, దాన్ని ఎవరికి నేర్పాలో మనకే వదిలేసింది.

డ్రేక్ చివరి పోకెమాన్ సాలమెన్స్, లెవెల్ 55. టైప్ డ్రాగన్, ఫ్లయింగ్. దాని మీద మీ సర్ఫ్ ఎంత పనిచేస్తుందో వేసి చూద్దాం. సర్ఫ్ పవర్ 95. స్వాంపర్ట్ కూడా వాటర్ టైపే కాబట్టి ఒకటిన్నర రెట్లు, సుమారు 142. డ్రాగన్ మీద వాటర్ సగమే పనిచేస్తుంది కాబట్టి 71. ఇప్పుడు అదే స్వాంపర్ట్ చేతిలో ఐస్ బీమ్ ఉందనుకోండి. పవర్ అదే 95. సొంత టైప్ కాదు కాబట్టి ఒకటిన్నర రెట్లు లేదు. కానీ డ్రాగన్ మీద ఐస్ రెండు రెట్లు, ఫ్లయింగ్ మీద ఇంకో రెండు రెట్లు, మొత్తం 380. రెండూ ఒకే స్పెషల్ అటాక్ నుంచి వచ్చే దాడులు. లెవెల్ మారలేదు, ఐవీ మారలేదు, నేచర్ మారలేదు, ఒక్క మూవ్ మార్చినందుకు దెబ్బ ఐదు రెట్లు దాటింది. మీరు ఇంకో పది లెవెల్స్ పెంచినా ఈ ఐదు రెట్లు రావు.

డ్రేక్ దగ్గరున్న ఐదింటిలో షెల్గన్ మీద ఐస్ రెండు రెట్లు, ఆల్టేరియా, ఫ్లైగన్, సాలమెన్స్ మూడింటి మీదా నాలుగు రెట్లు. ఒక్క కింగ్‌డ్రా మీదే మామూలుగా తగులుతుంది. ఒక్క టీఎంతో (మూవ్ నేర్పే వస్తువు) నాలుగో గది, అంటే డ్రేక్ గది, దాదాపు దాటేసినట్టే.

ఐస్ బీమ్ అంటే టీఎం 13. రూట్ 108 సముద్రంలో ఒరిగి ఉన్న పాడుబడ్డ ఓడలో ఉంది. లోపల డైవ్ చేసి వెళ్లి, తాళం వేసిన గదుల చెవులు వెతికి తెరవాలి. చాలామంది ఆ ఓడలోకి ఒకసారి పైపైన వెళ్లి చూసి వచ్చేస్తారు, తర్వాత డైవ్ చేతికొచ్చాక మళ్లీ వెళ్లడం మరచిపోతారు. ఓపిక లేకపోతే మావిల్ సిటీ గేమ్ కార్నర్‌లో 4000 కాయిన్లకు దొరుకుతుంది. ఓడే మేలు, ఖర్చు లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి: ఎమరాల్డ్ కాలపు ఆటల్లో టీఎం ఒకసారి వాడితే అయిపోతుంది. స్వాంపర్ట్‌కే వాడండి.

గళ్లు ఖాళీ చేయడానికి లిలీకోవ్ సిటీలో మూవ్ డిలీటర్ ఉంటాడు. హెచ్‌ఎంలను కూడా చెరిపేస్తాడు, డబ్బు తీసుకోడు. ఎవర్‌గ్రాండ్‌లో పోకెమాన్ సెంటర్‌ దాకా ఒకసారి వెళ్లారు కాబట్టి ఇక మీ పెలిపర్ మీద ఫ్లైతో నేరుగా దిగవచ్చు, వాటర్‌ఫాల్ అవసరం తీరిపోయింది. వాటర్‌ఫాల్, రాక్ స్మాష్ రెండూ తీసేయించండి. ఒక గడిలో ఐస్ బీమ్, రెండోదాంట్లో ఎర్త్‌క్వేక్. స్వాంపర్ట్ లెవెల్ 52లో ఎర్త్‌క్వేక్ నేర్చుకుంటానని అడిగే ఉంటుంది, గళ్లన్నీ హెచ్‌ఎంలే కాబట్టి మీరు వద్దని ఉంటారు. పర్వాలేదు. సీఫ్లోర్ కావెర్న్‌లో దొరికిన టీఎం 26 అదే, బ్యాగ్‌లో చూడండి. దాన్ని ఇంకెవరికైనా వాడేసి ఉంటే ఫాలర్బర్ టౌన్‌లో హార్ట్ స్కేల్ తీసుకుని మరచిపోయిన మూవ్‌ని మళ్లీ నేర్పేవాళ్లు ఉన్నారు. సర్ఫ్ ఉంచండి. నాలుగో గడి మీ ఇష్టం, స్ట్రెంత్ ఉన్నా నష్టం లేదు.

ఇంటర్నెట్‌లో సలహాలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఇవాళ దొరికే వాటిలో చాలా భాగం కొత్త ఆటల కోసం రాసినవి. 2006లో వచ్చిన డైమండ్, పెర్ల్ నుంచి ఒక్కో మూవ్‌కీ అది అటాక్‌తో కొట్టేదా, స్పెషల్ అటాక్‌తో కొట్టేదా అన్నది విడిగా రాసిపెట్టారు. ఎమరాల్డ్‌లో అలా లేదు. టైప్‌ని బట్టే నిర్ణయం. ఫైర్, వాటర్, గ్రాస్, ఎలక్ట్రిక్, ఐస్, సైకిక్, డ్రాగన్, డార్క్ అన్నీ స్పెషల్. నార్మల్, ఫైటింగ్, ఫ్లయింగ్, గ్రౌండ్, రాక్, బగ్, గోస్ట్, పాయిజన్, స్టీల్ ఫిజికల్. పళ్లతో కొరికే క్రంచ్ కూడా డార్క్ కాబట్టి స్పెషలే! అందుకే ఎంతో బలంగా కనిపించే షార్పిడో తన సొంత వాటర్, డార్క్ దాడులకు ఆ పెద్ద అటాక్‌ను వాడుకోలేదు. గ్యారడోస్‌దీ అదే బాధ, దాని అటాక్ బేస్ 125, స్పెషల్ అటాక్ 60. కొత్త ఆటల సలహా చూసి దానికి వాటర్ మూవ్స్ నింపారంటే దెబ్బ తేలిపోతుంది. ఎమరాల్డ్‌లో ఒక పోకెమాన్‌కు మూవ్ నేర్పే ముందు ఆ మూవ్ టైప్ ఈ రెండు వరుసల్లో దేంట్లో ఉందో, పోకెమాన్‌కు ఆ స్టాట్ ఉందో లేదో చూసుకోవాలి. నా దృష్టిలో ఈ ఆటకు అసలు పాఠం ఇదే. ఐవీల గురించి పేజీలకు పేజీలు చదివినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు.

జట్టు సంగతి. మీ దగ్గర ఉన్నవాటితోనే పని జరుగుతుంది, కొత్తగా ఎవరినీ పట్టనక్కర్లేదు. ఆరింటినీ పెంచాలని కూడా కూర్చోకండి. స్వాంపర్ట్, బ్రెలూమ్, మానెక్ట్రిక్, మోడెస్ట్ కిర్లియా నాలుగు చాలు. పెలిపర్ ఎగరడానికి ఎలాగూ వెంట ఉంటుంది.

మొదటి గది సిడ్నీది, డార్క్ టైప్. మైట్యీనా, షిఫ్ట్రీ, కాక్టర్న్, క్రాడాంట్, యాబ్సల్ ఐదింటి మీదా ఫైటింగ్ రెట్టింపుగా పనిచేస్తుంది. బ్రెలూమ్ అటాక్ బేస్ 130, లెవెల్ 36లో స్కై అప్పర్‌కట్ నేర్చుకుంటుంది. మీదిప్పుడు 29లో ఉంది, ఇంకో ఏడు లెవెల్స్ పెరిగాక అది వేరే పోకెమానే అనిపిస్తుంది. ఈ గదిలో గార్డెవార్‌ని బయటకు తీయకండి, సైకిక్ దాడి డార్క్ మీద అసలు తగలదు.

రెండోది ఫీబీ, గోస్ట్ టైప్. ఇక్కడ బ్రెలూమ్ ఫైటింగ్ దెబ్బలూ, మీ స్ట్రెంత్ లాంటి నార్మల్ దెబ్బలూ గాల్లో కలిసిపోతాయి. స్వాంపర్ట్ సర్ఫ్, ఎర్త్‌క్వేక్‌తో నెట్టుకురావాలి. ఐదింటికీ ఎర్త్‌క్వేక్ తగులుతుంది. మూడోది గ్లేషియా, ఐస్. సీలియో, గ్లాలీ, వాల్‌రీన్ అన్నింటి మీదా ఫైటింగ్ రెట్టింపు. కానీ బ్రెలూమ్ గ్రాస్ కూడా కాబట్టి ఐస్ దాన్నీ గట్టిగా కొడుతుంది. సీలియోలూ వాల్‌రీన్ వాటర్ కూడా కాబట్టి వాటిని మానెక్ట్రిక్‌కు అప్పగించి, గ్లాలీలకు బ్రెలూమ్‌ని దించండి. నాలుగోది డ్రేక్, ఐస్ బీమ్ సంగతి చెప్పేశాను. ఫ్లైగన్‌కు గాల్లో తేలే లెవిటేట్ ఎబిలిటీ ఉంది, ఆల్టేరియా, సాలమెన్స్ ఎగిరేవి, వాటి మీద ఎర్త్‌క్వేక్ నొక్కి మీ వంతు వృథా చేసుకోకండి.

వాలెస్ దగ్గర కొంచెం ఆగాలి, మీరు ఎక్కువసార్లు ఓడింది అక్కడే అంటున్నారు. రూబీ, సఫైర్‌లో ఈయన జిమ్ లీడర్. ఎమరాల్డ్‌లో ఛాంపియన్ అయ్యాడు. ఆరూ వాటర్ టైపే, వెయిలార్డ్, టెంటక్రూయెల్, లుడికోలో, విస్కాష్, గ్యారడోస్, మిలోటిక్, లెవెల్ 55 నుంచి 58. వాటర్ కదా, ఎలక్ట్రిక్‌తో ఊడ్చేయొచ్చని అందరికీ తోస్తుంది. ఆయన జట్టు సరిగ్గా ఆ ఆలోచనను పట్టుకోవడానికే కట్టినట్టు ఉంటుంది. విస్కాష్‌కు గ్రౌండ్ కూడా ఉంది, ఎలక్ట్రిక్ దానికి సున్నా. పైగా గ్రౌండ్ దెబ్బతో అదే మీ మానెక్ట్రిక్‌ను పడేస్తుంది. లుడికోలోకు గ్రాస్ కూడా ఉంది, ఎలక్ట్రిక్ మామూలుగానే తగులుతుంది, దాని గ్రాస్ దాడి మాత్రం స్వాంపర్ట్‌కు నాలుగు రెట్లు. మీ లెవెల్ 61 స్వాంపర్ట్ పూర్తి హెచ్‌పీ (ప్రాణశక్తి)తో ఉండగా ఒక్క దెబ్బకు పడిపోయిందని ఆశ్చర్యపోయారే, అది దీని పనే.

ఈ రెండింటికీ మందు బ్రెలూమే. విస్కాష్ మీద గ్రాస్ నాలుగు రెట్లు. బ్రెలూమ్ స్పెషల్ అటాక్ 60 మాత్రమే, గ్రాస్ స్పెషల్ టైప్, అయినా ఆ నాలుగు రెట్ల వల్ల జైగా డ్రెయిన్ సరిపోతుంది. ఆ టీఎం 19ని రూట్ 123లో ఒక అమ్మాయి ఇస్తుంది, జట్టులో గ్రాస్ టైప్ పోకెమాన్ ఉంటేనే ఇస్తుంది, మీకు బ్రెలూమ్ ఉంది. లుడికోలో మీద స్కై అప్పర్‌కట్ రెట్టింపు కాదు. కానీ దాని వాటర్, గ్రాస్ దాడులు రెండూ బ్రెలూమ్‌కు సగమే తగులుతాయి, అది వేసే లీచ్ సీడ్ గ్రాస్ టైప్ మీద అసలు పట్టదు. కాబట్టి అక్కడ తొందరపడకుండా నిలబడి కొట్టవచ్చు.

మిగతా నలుగురికి ఎలక్ట్రిక్. మూడో బ్యాడ్జ్‌తో పాటు జిమ్ లీడర్ వాట్సన్ ఇచ్చిన షాక్ వేవ్ ఒకటి ఉండాలి. న్యూ మావిల్ పని పూర్తి చేసి వెళ్లి కలిస్తే ఆయనే థండర్‌బోల్ట్ ఇస్తాడు. థండర్‌బోల్ట్ మానెక్ట్రిక్‌కు, షాక్ వేవ్ గార్డెవార్‌కు. గ్యారడోస్ మీద ఎలక్ట్రిక్ నాలుగు రెట్లు, మానెక్ట్రిక్ దానికంటే వేగమైనది కూడా. టెంటక్రూయెల్‌కు పాయిజన్ ఉంది కాబట్టి గార్డెవార్ సైకిక్‌తో రెట్టింపు కొడుతుంది, స్వాంపర్ట్ ఎర్త్‌క్వేక్ కూడా అంతే. మిలోటిక్ రికవర్‌తో సగం హెచ్‌పీ తిరిగి తెచ్చుకుంటుంది. దాన్ని కొంచెం కొంచెంగా కొడితే ఆట ఎప్పటికీ తేలదు. ఎలక్ట్రిక్ దెబ్బలు వరుసగా పడాలి, అందుకోసం మానెక్ట్రిక్, గార్డెవార్‌లలో ఒకదాన్ని పూర్తి హెచ్‌పీతో చివరి దాకా దాచుకోండి.

స్వాంపర్ట్ కాక మీ మిగతా ముగ్గురినీ లెవెల్ 48, 50 దగ్గరికి తెస్తే చాలు. డెవాన్ కంపెనీ స్టోన్ గారు ఇచ్చిన ఎక్స్‌పీ షేర్ (లెవెల్ పెంచే ఎక్స్‌పీ పాయింట్లను పంచే వస్తువు) బ్యాగ్‌లో పడి ఉంటుంది, దాన్ని తక్కువ లెవెల్ ఉన్నదాని చేతికి ఇచ్చి స్వాంపర్ట్‌తో విక్టరీ రోడ్‌లో తిరగండి. కొత్త ఆటల్లో లాగా జట్టు అందరికీ దానంతట అది పంచదు, పట్టుకున్నదానికే వస్తుంది. ఫోన్ చేసి మళ్లీ పోటీకి పిలిచే ట్రైనర్లను వదలకండి, అడవి పోకెమాన్ కన్నా వాళ్ల దగ్గర ఎక్స్‌పీ బాగా వస్తుంది.

రేర్ క్యాండీ మాట ఇక్కడే చెప్పాలి. ఓడించిన ప్రతి పోకెమాన్ ఎక్స్‌పీతో పాటు కనిపించని ఇంకో పాయింట్ ఇచ్చి పోతుంది, వీటిని ఈవీలు అంటారు. జిగ్‌జగూన్‌ని ఓడిస్తే స్పీడ్‌కు ఒకటి, పూచ్యీనా ఇచ్చేది అటాక్‌కు. స్పెషల్ అటాక్ కావాలంటే రూట్ 113లో స్పిండాలు కుప్పలు. బూడిద వానలో నడుస్తుంటే అడుగులు పడే ఆ దారి ఉందే, అదే. ఈ ఆట జరిగే హోయెన్ ప్రాంతానికి మూలం జపాన్ దక్షిణాన ఉన్న క్యూషు దీవి. అక్కడ కగోషిమా పక్కనే ఉన్న సకురజిమా అగ్నిపర్వతం బూడిద ఆ ఊరి మీద ఇప్పటికీ రాలుతూ ఉంటుంది. అందుకే కాబోలు ఆ దారి అంత నిజంగా అనిపిస్తుంది. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అది.

ఈవీలు ఒక స్టాట్‌కు 255, మొత్తం కలిపి 510 దాటవు. నాలుగు ఈవీలు లెవెల్ 100లో ఒక పాయింట్, లెవెల్ 50లో అర పాయింట్. రేర్ క్యాండీ లెవెల్ పెంచుతుంది, ఈవీ ఇవ్వదు. అందులో ఉన్న లోపం అంతే. పూర్తిగా క్యాండీలతోనే లెవెల్ 50కి తెచ్చినదానికీ, పోట్లాడి ఈవీలన్నీ నింపుకున్నదానికీ మధ్య తేడా ఆరు స్టాట్స్ మీద కలిపి 63 పాయింట్లు, ఒక్కోదాంట్లో పది. పైగా అది శాశ్వతం కాదు. క్యాండీ తిన్నాక పోట్లాడినా ఈవీలు వస్తాయి, తర్వాతి లెవెల్‌లో స్టాట్స్‌లో చేరతాయి. కాబట్టి దాచుకున్న క్యాండీలు నిశ్చింతగా వాడండి. లెవెల్ పెరిగేకొద్దీ ఒక్కో లెవెల్‌కు ఎక్కువ ఎక్స్‌పీ కావాలి కాబట్టి నలభైలు దాటాక పెడితే లాభం ఎక్కువ.

రేక్వాజా అనే అరుదైన పోకెమాన్ గురించి మీరు అడగలేదు, అయినా చెప్పకపోతే ఈ సమాధానం పూర్తి కాదు. సూటోపొలిస్‌లో గొడవ సద్దుమణిగాక స్కై పిల్లర్ పైకి మళ్లీ ఎక్కితే లెవెల్ 70 రేక్వాజా అక్కడ ఉంటుంది, మాస్టర్ బాల్ మిగిలి ఉంటే ఒక్క విసురుకే మీదవుతుంది. మీరే పట్టుకున్నది కాబట్టి మాట వింటుంది. దాంతో ఎలైట్ ఫోర్ చాలా తేలిక, గ్లేషియా దగ్గర మాత్రం ఐస్ దానికి నాలుగు రెట్లు. ఆట ఇచ్చినదే కాబట్టి అందులో తప్పేమీ లేదు. కానీ పైన చెప్పిన నలుగురితో వాలెస్‌ని ఓడిస్తే వచ్చే సంతోషం ముందు అది దిగదుడుపే. నా మాటగా ముందు నలుగురితో ప్రయత్నించండి, రేక్వాజాని తర్వాత తెచ్చుకోవచ్చు.

గదుల మధ్య పోకెమాన్ సెంటర్ ఉండదని తెలుసు కదా. లోపలికి వెళ్లే ముందు డబ్బంతా ఫుల్ రిస్టోర్‌లకు, రివైవ్‌లకు పెట్టేయండి. గది గదికీ మధ్య సేవ్ చేసుకోండి.

ఐవీలు, నేచర్లు నిజంగా లెక్కలోకి వచ్చేది ఛాంపియన్ అయ్యాక, బ్యాటిల్ ఫ్రాంటియర్‌లో. అక్కడ ఏడు చోట్లు, ఏడుగురు బ్రెయిన్స్ (ఒక్కో చోట ఒక ప్రధాన ప్రత్యర్థి). టవర్‌లో అనబెల్ ఎదురవ్వాలంటేనే ముందు వరుసగా 34 గెలవాలి, ఆమెది 35వ పోటీ. వరుస పెరిగేకొద్దీ ఎదుటివాళ్ల ఐవీలు కూడా పెరుగుతాయి. బ్యాగ్ తీసి మందులు వాడే వీలు లేదు. అంత పొడవు వరుసలో ఒక్క పాయింట్ స్పీడ్ తక్కువై రెండో వంతు మీకొస్తే చాలు, మొత్తం పోతుంది. అక్కడికి వెళ్లాలనిపించిన రోజున రూట్ 117 డేకేర్‌లో గుడ్లు పెట్టించడం మొదలుపెట్టండి. తల్లి చేతిలో ఎవర్‌స్టోన్ ఉంటే సగంసార్లు ఆమె నేచరే పిల్లకు వస్తుంది, ఇది ఎమరాల్డ్‌తోనే మొదలైన సౌకర్యం. తల్లిదండ్రుల ఐవీలు మూడు దాకా పిల్లకు దిగుతాయి. సింక్రొనైజ్ ఎబిలిటీ ఉన్న పోకెమాన్‌ను జట్టులో ముందు పెట్టి తిరిగితే అడవిలో దొరికేవాటిలో సగం దాని నేచర్‌తోనే వస్తాయి. మీ మోడెస్ట్ కిర్లియాకు సింక్రొనైజ్ ఉందేమో సమ్మరీ స్క్రీన్‌లో చూసుకోండి. ఉంటే అది ముందు ముందు మీకు చాలా ఉపయోగపడుతుంది.

ఒక వింత కూడా తెలిసి ఉండాలి. యాదృచ్ఛిక అంకెలు పుట్టించే లెక్క ఎమరాల్డ్‌లో ఆట ఆన్ చేసిన ప్రతిసారీ ఒకే చోటు నుంచి, సున్నా నుంచి మొదలవుతుంది. ఇది తయారీలో మిగిలిపోయిన లోపం. మంచి నేచర్ కోసం రీసెట్ చేసి వెంటనే అదే పద్ధతిలో పరిగెత్తి పట్టుకుంటే దాదాపు అవే ఫలితాలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. రీసెట్ చేశాక ప్రతిసారీ వేరు వేరు సేపు ఆగి ముందుకెళ్లండి.

చివరగా బ్యాటరీ. ఆన్ చేయగానే లోపలి బ్యాటరీ అయిపోయిందని వచ్చే సందేశం చూసి భయపడ్డారు. అసలైన ఎమరాల్డ్ కార్ట్రిడ్జ్‌లో సేవ్ ఫ్లాష్ మెమరీలో ఉంటుంది, బ్యాటరీ గడియారానికి మాత్రమే. అది అయిపోతే నాటిన బెర్రీలు పెరగవు, షోల్ కేవ్‌లో ఆటుపోట్లు మారవు, రోజువారీ లాటరీ లాంటివి ఆగిపోతాయి. కథకు ఏ అడ్డూ రాదు. సేవ్ కోసం బ్యాటరీ మీద ఆధారపడినవి అంతకు ముందు గేమ్ బాయ్ కాలంలో వచ్చిన రెడ్, గోల్డ్ లాంటివి, వాటిలో బ్యాటరీ పోతే సేవ్ కూడా పోయేది. మీది సీఆర్ 1616 సెల్, బోర్డుకు టంకం వేసి ఉంటుంది. మార్పించాలంటే చేయి తిరిగిన ఎలక్ట్రానిక్స్ మెకానిక్‌కే ఇవ్వండి, ఇంట్లో విప్పకండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నానన్నారు కాబట్టి ఇంకొక్కటి చూసుకోండి: నకిలీ కార్ట్రిడ్జ్‌లు సెకండ్ హ్యాండ్‌లో చాలా తిరుగుతున్నాయి, వాటిలో సేవ్ పోవడం మామూలే. మీకు ఆ బ్యాటరీ సందేశం వస్తోందంటే గడియారం ఉండాల్సిన అసలు బోర్డే అయి ఉండొచ్చు. అయినా వాలెస్ దగ్గరికి వెళ్లే ముందు ఒకసారి సేవ్ చేసి, ఆఫ్ చేసి, కాసేపాగి ఆన్ చేసి అంతా అలాగే ఉందో లేదో చూసుకోండి.